చారుకో లెక్క, ముద్దపప్పుకో లెక్క: నిల్వ ఆహారానికి ఏ వేడి ఎంచుకోవాలి?

ఒక పొయ్యి మీద చారు, పక్క పొయ్యి మీద ముద్దపప్పు పెట్టి చూడండి. చారు గిన్నెలో అడుగున వేడెక్కిన నీళ్లు పైకి వస్తాయి, పైనున్నవి కిందికి దిగుతాయి. కాసేపట్లోనే గిన్నె అంతా ఒకే వేడికి వస్తుంది. పప్పు అలా కదలదు. అడుగంటిన వాసన ముక్కుకు తగులుతున్నా పైన మాత్రం ఇంకా గోరువెచ్చగానే ఉంటుంది. గరిటెతో తిప్పితేనే ఆ వేడి మధ్యకి చేరుతుంది.

వంటను ప్యాకెట్లో పెట్టి నెలల తరబడి నిల్వ ఉంచాలనుకునేవాళ్లకి చిక్కంతా ఇక్కడే. సీలు వేసిన ప్యాకెట్లో గరిటె తిప్పలేం. బయటి నుంచి వేడి పెడితే మధ్యకి చేరేలోపు చుట్టూ ఉన్నదంతా మితిమీరి ఉడికిపోతుంది. మైక్రోవేవ్ మీద అందరికీ ఆశ పుట్టడానికి కారణం ఇదే. "అయిదారు నిమిషాల్లో అయిపోతుందట కదా, ఆ మెషీన్ కొంటే సరిపోతుందా?" అని కర్రీ పాయింట్లు నడిపేవాళ్లు, డ్వాక్రా సంఘాల అక్కలు, అమెరికాలో ఉన్న పిల్లలకి పొడులు పంపుతూ పంపుతూ అదే వ్యాపారంగా పెంచుకున్నవాళ్లు నన్ను అడుగుతుంటారు. మీరు ఏ వంట అమ్మబోతున్నారో తెలియకుండా దీనికి జవాబు చెప్పలేను. అందుకే మెషీన్ల వరుసలో కాకుండా వంటల వరుసలో చెబుతాను.

ముందు పులుపు చూసుకోండి

నిల్వ ఆహారంలో అన్నిటికంటే భయపడాల్సింది క్లాస్ట్రీడియం బొట్యులినం అనే బ్యాక్టీరియాకి. అది గాలి లేని చోట పెరుగుతుంది. అంటే మనం శ్రద్ధగా సీలు వేసిన ప్యాకెట్టే దానికి అనువైన ఇల్లు. దాని బీజాలు చాలా మొండివి. వాటిని చంపడం 121 డిగ్రీల సెల్సియస్ దగ్గర సుమారు మూడు నిమిషాల్లో అయ్యే పని, 100 డిగ్రీల మరిగే నీళ్లలో అయిదు గంటలకు పైనే పడుతుంది. "బాగా మరిగించి, పొగలు కక్కుతుండగానే ప్యాక్ చేశాం" అన్నది పప్పు విషయంలో ఏమాత్రం చాలని జాగ్రత్త.

చాలా ఏళ్ల క్రితం ఈ తప్పు నేనూ చేశాను. కందిపప్పు పౌచ్‌లను గంటసేపు నీళ్లలో మరిగించి అల్మారాలో పెట్టాను. వారం తిరక్కుండానే రెండు ఉబ్బిపోయాయి. మిగతావి చూడటానికి బాగానే ఉన్నాయి. నాకు అసలు భయం వేసింది ఆ బాగున్నవాటిని చూసే. ఈ బ్యాక్టీరియా చేసే విషం ఉన్న ప్యాకెట్ ఉబ్బి తీరాలని లేదు, వాసన రావాలనీ లేదు. అన్నిటినీ పారేశాను.

ఈ బ్యాక్టీరియాకి ఒక బలహీనత ఉంది. పులుపును కొలిచే అంకెను పీహెచ్ అంటారు, అది తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. పీహెచ్ 4.6 లేదా అంతకంటే తక్కువ ఉన్న పుల్లటి పదార్థంలో అది పెరిగి విషం తయారు చేయలేదు. కాబట్టి చింతపండు పులిహోర పేస్టు, టమాటా పచ్చడి, మామిడి గుజ్జు లాంటివి అమ్మేవాళ్లకి 121 డిగ్రీలూ అక్కర్లేదు, మైక్రోవేవ్ మెషీనూ అక్కర్లేదు. 85 నుంచి 95 డిగ్రీల వేడి మీద శుభ్రమైన సీసాలో నింపి, మూత బిగించి, ఆ వేడి మూతకూ తగిలేలా కాసేపు తలకిందులుగా ఉంచితే సరిపోతుంది. ఈ వర్గం వంటలతో మొదలుపెట్టేవాళ్లు ఒక మంచి పీహెచ్ మీటర్ కొనుక్కోండి. అంతకంటే ఖరీదైనది ఇప్పుడే వద్దు.

చిత్తూరు తోతాపురి గుజ్జు ఫ్యాక్టరీలు దీనికి మంచి ఉదాహరణ. అక్కడ గుజ్జును గొట్టాల గుండా పంపి, గొట్టం గోడల నుంచి వేడి అందించి, స్టెరైల్ సంచుల్లో నింపుతారు. మామిడి పులుపు వల్ల ఆ వేడి చాలు. అమెరికాలో నార్త్ కరొలినా రైతులకి చిలగడదుంప గుజ్జుతో ఇలా కుదరలేదు. అది పుల్లగా ఉండదు, పైగా పిండిపదార్థం ఎక్కువ. గొట్టం గోడకి వేడి పెంచితే అక్కడ అంటుకుని మాడుతుంది, మధ్యలో పచ్చిగా ఉంటుంది. అక్కడి స్నో హిల్ ఊళ్లో గుజ్జు గొట్టంలో పారుతుండగానే మైక్రోవేవ్‌తో లోపలి నుంచి వేడెక్కించే ఫ్యాక్టరీ పెట్టారు. 2008లో వాళ్ల ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ పద్ధతిని అంగీకరించింది. రెండూ గుజ్జులే. ఒకదానికి మైక్రోవేవ్ ప్రాణం, రెండోదానికి అనవసర ఖర్చు.

ఒక్క చోట మాత్రం చాలామంది పొరబడతారు. గోంగూర మాంసం. పులుసు పుల్లగా ఉంది కదా అని దాన్ని పచ్చళ్ల లెక్కలో వేసేస్తారు. నాలుక మీద తగిలే పులుపు వేరు, మాంసం ముక్క మధ్యలో ఉండే పీహెచ్ వేరు. పులుసు, ముక్క కలిపి మెత్తగా రుబ్బి కొలిచినా సరిపోదు. ముక్కని విడిగా తీసి దాని మధ్యభాగం కొలవాలి. అంత ఖాయంగా తేల్చుకోలేకపోతే దాన్ని పప్పు, పనీర్ కూర సరసన పులుపులేని ఆహారంగానే చూడండి.

పులుపులేని వంటలు: రిటార్టా, మైక్రోవేవా?

ఇక్కడే అసలు పోటీ. రిటార్ట్ అంటే ఫ్యాక్టరీ సైజు ప్రెషర్ కుక్కర్. సీలు వేసిన పౌచ్‌లు లోపల పెట్టి, ఒత్తిడితో ఆవిరి గానీ వేడినీళ్లు గానీ పంపి, పౌచ్ నడిమధ్య కూడా 121 డిగ్రీల వేడిని కావలసినంత సేపు చూసేదాకా ఉంచుతారు. ఇది దశాబ్దాలుగా నలిగిన దారి. మన సైన్యం కోసం మైసూరులోని రక్షణ శాఖ ఆహార పరిశోధన ల్యాబ్ డీఎఫ్‌ఆర్‌ఎల్ రిటార్ట్ పౌచ్ వంటల మీద చేసిన పని ఈ రంగంలో అందరికీ పునాది.

దీని లోపం మన ముద్దపప్పు చెప్పిన లోపమే. కదలని పదార్థంలో వేడి మధ్యకి చేరే సమయం మందం పెరిగినంతే పెరగదు, దాని వర్గంతో పెరుగుతుంది. మందం రెట్టింపైతే సమయం నాలుగింతలు. పెద్ద ప్యాకెట్ అయితే గంట దాటుతుంది. ఆ గంటలో అంచుల దగ్గరున్న ఉప్మా జిగురైపోతుంది, పాలకూర పప్పు ఆకుపచ్చ రంగు పోయి మట్టిరంగుకి దిగుతుంది.

మైక్రోవేవ్‌లో వేడి బయటి నుంచి లోపలికి నడిచి రావాల్సిన పని లేదు. తరంగాలు పదార్థంలోకి దూరి, అక్కడున్న నీటి అణువులనీ ఉప్పు అయాన్లనీ కదిలించి, అక్కడికక్కడే వేడి పుట్టిస్తాయి. అయితే ఎంత లోతుకి దూరతాయన్నది ఫ్రీక్వెన్సీని బట్టి ఉంటుంది. మన ఇంట్లో ఉండేది 2450 మెగాహెర్ట్జ్. దాని తరంగం పొడవు సుమారు 12 సెంటీమీటర్లు, వంటల్లో అది బాగా పనిచేసే లోతు ఒకటి రెండు సెంటీమీటర్లే. ఫ్యాక్టరీల్లో వాడే 915 మెగాహెర్ట్జ్ తరంగం సుమారు 33 సెంటీమీటర్లు, అంతకంటే బాగా లోతుకి వెళ్తుంది.

ఈ 915 మీద అమెరికాలోని వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీలో జూమింగ్ టాంగ్ బృందం ఏళ్ల తరబడి పనిచేసింది. వాళ్ల పద్ధతిలో పౌచ్‌లు ఒత్తిడితో ఉన్న వేడినీళ్లలో మునిగి కదులుతుంటే పై నుంచి, కింది నుంచి మైక్రోవేవ్ పడుతుంది. నీళ్లు ఊరికే పెట్టలేదు. మైక్రోవేవ్‌లో అంచులు ముందే మాడిపోయే జబ్బు ఉంది కదా, దాన్ని ఆ నీళ్లు సర్దుతాయి. ఒత్తిడి పౌచ్ పగలకుండా కాపాడుతుంది. వేడెక్కించే దశ అయిదు నుంచి ఎనిమిది నిమిషాల్లో అయిపోతుంది. 2009 అక్టోబరులో ఆలుగడ్డ ముద్ద ట్రేలకి ఎఫ్‌డీఏ ఆమోదం రావడంతో ఇది ల్యాబ్ దాటింది. తర్వాత కొలరాడోలోని 915 ల్యాబ్స్ అనే కంపెనీ ఈ యంత్రాలను మార్కెట్‌కి తెచ్చింది.

దీనికోసం అమెరికా దాకా వెళ్లక్కర్లేదు. మన శ్రీసిటీలోనే టాటా స్మార్ట్‌ఫుడ్జ్ ఇదే టెక్నాలజీతో ప్లాంట్ పెట్టి, టాటా క్యూ పేరుతో రెడీమేడ్ భోజనాలు తెచ్చింది. 2021లో ఆ కంపెనీని టాటా కన్స్యూమర్ ప్రొడక్ట్స్ 395 కోట్ల రూపాయలకు తీసుకుంది. ఈ అంకె ఎందుకు చెబుతున్నానంటే, ఈ ఆట ఏ స్థాయిలో జరుగుతోందో తెలియడానికి. చిన్న యూనిట్ అప్పు చేసి ఎక్కాల్సిన బండి కాదిది.

త్వరగా వేడెక్కితే రుచి ఎందుకు మిగులుతుందో ఒక్క మాటలో చెప్పేస్తాను. వేడి పది డిగ్రీలు పెరిగితే బీజాలు పదింతలు వేగంగా చస్తాయి. రంగు, విటమిన్లు, మెత్తదనం మాత్రం అదే పది డిగ్రీలకు రెండు మూడింతలు మాత్రమే వేగంగా పాడవుతాయి. కాబట్టి ఎక్కువ వేడి తక్కువ సేపు పెట్టినవాళ్లదే పైచేయి.

మరి అన్ని వంటలకీ ఈ తేడా తెలుస్తుందా? తెలియదు. నా ఎంపిక ఇలా ఉంటుంది. చారు, పలుచటి సాంబారు రిటార్ట్‌లోనే హాయిగా వేడెక్కుతాయి, లోపల అవే తిరుగుతాయి కాబట్టి. మటన్ కూర, రాజ్మా, శనగల కూర ఎక్కువసేపు ఉడికితే ఇంకా బాగుంటాయి. వాటికి మైక్రోవేవ్ పెట్టడం వృథా అని గట్టిగా చెబుతాను. ఉప్మా, పులావ్, చేప ముక్కలు, పనీర్, ఆకుకూరతో చేసిన పప్పు, ఇవి మైక్రోవేవ్‌లో గెలుస్తాయి. వీటిలో తినేవాడు మెచ్చుకునేది ముక్క ముక్కగా, పలుకు పలుకుగా ఉండటాన్నే. దాన్ని రిటార్ట్ గంటసేపు నలిపేస్తుంది.

అయినా మెషీన్ మార్చాలనే ముందు పౌచ్ మార్చండి. కిలో పప్పు లావుపాటి సంచిలో పెట్టే బదులు పావుకిలో చొప్పున పలుచగా, బల్లపరుపుగా పరిచి సీలు వేస్తే మందం సగానికి తగ్గుతుంది, సమయం పావు వంతుకి దిగుతుంది. పైసా ఖర్చు లేని ఈ ఒక్క మార్పు రిటార్ట్ పప్పు రుచిని ఎంత మారుస్తుందో తినే చూడాలి. చాలామంది ఇది చేయకుండానే కొత్త టెక్నాలజీ వైపు చూస్తున్నారని నా బాధ.

పౌచ్ సంగతి వచ్చింది కాబట్టి ఇంకొకటి. రిటార్ట్ పౌచ్‌లో మామూలుగా అల్యూమినియం పొర ఉంటుంది. గాలి, వెలుతురు చొరబడవు కాబట్టి ఏడాది ఆపైనా నిలుస్తుంది. మైక్రోవేవ్ లోహం గుండా వెళ్లదు. అందుకని ఆ పద్ధతికి లోహపు రేకు లేని, గాలిని ఆపే ప్రత్యేకమైన ప్లాస్టిక్ పొరలు కావాలి. అవి ఎంత మంచివైనా రేకంత గట్టిగా ఆక్సిజన్‌ను ఆపలేవు. నూనె తేలే కూరలు, వేరుశనగ, కొబ్బరి పడిన గ్రేవీలు అలాంటి పౌచ్‌లో ముందుగా నూనె చెడిన వాసన పట్టే ప్రమాదం ఉంది. కొనేవాళ్లకి మాత్రం ఒక సుఖం, ఆ పౌచ్‌ను నేరుగా ఇంట్లో మైక్రోవేవ్‌లో పెట్టుకోవచ్చు.

రుచి కోసం రెసిపీ తరచూ మార్చే అలవాటు ఉన్నవాళ్లకి మైక్రోవేవ్ ఇంకా ఇబ్బంది. ఉప్పు పెరిగితే తరంగాలు పైపైనే పీల్చుకుపోయి లోపలికి తక్కువ చేరతాయి. గ్రేవీ ఒకలా, పనీర్ ముక్క ఇంకోలా వేడెక్కుతాయి. ప్యాకెట్లో అన్నిటికంటే ఆలస్యంగా వేడెక్కే చోటు ఎక్కడుందో కనిపెట్టడమే ఈ విద్యలో సగం. వాషింగ్టన్ బృందం దీనికోసం వేడి తగిలిన కొద్దీ గోధుమరంగుకి తిరిగే జెల్‌ను పౌచ్‌లో పెట్టి, ప్రాసెస్ అయ్యాక కోసి చూసేది. ఎక్కడ పాలిపోయి ఉంటే అక్కడ వేడి తక్కువన్నమాట. రెసిపీలో ఉప్పు, నూనె, ముక్క సైజు మారితే ఆ చోటు మారొచ్చు. రిటార్ట్‌కీ ఈ పరీక్ష తప్పదు కానీ అక్కడ చిన్న మార్పులకి ఇంత తేడా రాదు.

ఊళ్లోనే అమ్మేవాళ్లకి మధ్యేమార్గం ఒకటుంది. 121 జోలికి పోకుండా, ప్యాకెట్ మధ్యలో 90 డిగ్రీలు పది నిమిషాలు ఉండేలా చూసి వెంటనే చల్లార్చి, అయిదు డిగ్రీల లోపు ఫ్రిజ్‌లో ఉంచి కొన్ని వారాల్లో అమ్మేయడం. ఇది ఆవిరితోనూ చేయొచ్చు, మైక్రోవేవ్‌తోనూ చేయొచ్చు. రుచి బ్రహ్మాండంగా ఉంటుంది. కానీ మే నెలలో విజయవాడ ఎండకి డెలివరీ బండి గంటసేపు ట్రాఫిక్‌లో ఆగితే, షాపువాడు రాత్రి ఫ్రిజ్ ఆపేస్తే, ఆ జాగ్రత్త మొత్తం నీరుగారిపోతుంది. కోల్డ్ చెయిన్ మీ చేతిలో మొదటి నుంచి చివరిదాకా లేకపోతే దీని జోలికి పోవద్దు. ఫ్రీజింగ్‌కీ ఇదే షరతు.

ఆరబెట్టడానికి

ఎండతో మైక్రోవేవ్ పోటీ పడాలంటే కరెంటు బిల్లు చూడాలి. కిలో నీటిని ఆవిరి చేయడానికి ఏడు వందల వాట్‌ల వేడి గంటసేపు కావాలి. యంత్రంలో పోయే నష్టం కలుపుకుంటే మీటరు యూనిట్ పైనే తిరుగుతుంది. పచ్చి మామిడి ముక్కలో, టమాటాలో ఉండే నీరంతా ఇలా తీయాలంటే ధర నిలవదు. మైక్రోవేవ్ నిజంగా పనికొచ్చేది చివరి తడికి. పైపొర ఎండిపోయి లోపల తడి ఇరుక్కున్నప్పుడు ఎండగానీ వేడిగాలి డ్రయ్యర్‌గానీ గంటల తరబడి తంటాలు పడతాయి. ఆ తడి ఉన్న చోటే వేడి పుట్టించేది మైక్రోవేవ్. ముక్కాలు భాగం ఎండలోనో సోలార్ డ్రయ్యర్లోనో, చివరి భాగం మైక్రోవేవ్‌లో, ఈ కలయికే నేను చెప్పే మార్గం. వ్యాక్యూమ్‌తో కలిపిన మైక్రోవేవ్ డ్రయ్యర్లూ ఉన్నాయి. ఒత్తిడి తగ్గించడంతో నీరు 40 డిగ్రీల చుట్టుపక్కలే మరిగిపోతుంది, పండు రంగు, వాసన మిగులుతాయి. ఎగుమతి ధర పలికే పండ్ల ముక్కలకైతే ఆలోచించండి.

ఆత్రేయపురం మామిడి తాండ్రకి మాత్రం వద్దు. పొర మీద పొర ఎండలో ఆరుతూ వచ్చే ఆ రంగు, ఆ సాగుడు త్వరపడితే రావు.

ఇంట్లో ఉన్న మైక్రోవేవ్ ఓవెన్ ఎంతవరకు?

కరివేపాకు కడిగి, తడి పూర్తిగా తుడిచి, కాగితం మీద పరిచి అరనిమిషం చొప్పున రెండు మూడు సార్లు పెడితే పచ్చగానే గలగలలాడుతూ ఎండుతుంది. ఆకు రంగు మార్చే ఎంజైములు ఆ వేడికి వెంటనే ఆగిపోతాయి కాబట్టి ఎండలో పెట్టినప్పటిలా నల్లబడదు. పక్కనే చిన్న కప్పుతో నీళ్లు పెట్టండి, ఆకు అతిగా ఎండితే నిప్పంటుకుంటుంది. వేరుశనగ గుళ్లు వేయించేటప్పుడు నిమిషానికోసారి కలపండి, రంగు రాకముందే తీసేయండి. వేడి లోపలే ఉంటుంది కాబట్టి బయటికి తీశాక కూడా వేగుతూనే ఉంటాయి. రవ్వలో పురుగు పట్టకుండా కప్పు చొప్పున నిమిషం వేడి చేయడం మంచి అలవాటే, కానీ పూర్తిగా చల్లారాకే డబ్బా మూత పెట్టాలి. వేడి మీద మూత పెడితే ఆవిరి నీరై బూజు పడుతుంది.

మిగిలిన కూర వేడి చేసేటప్పుడు గిన్నె మధ్యలో కుప్పగా కాకుండా గారెలాగా చుట్టూ పరిచి మధ్య ఖాళీ ఉంచండి. సగంలో ఓసారి కలిపి, ఆపాక రెండు నిమిషాలు మూతతో వదిలేయండి.

పప్పు, కూర సీసాల్లో పోసి ఇంటి మైక్రోవేవ్‌లో 'స్టెరిలైజ్' చేసి అల్మారాలో నిల్వ ఉంచడం మాత్రం ఎవరు చెప్పినా చేయకండి. ఒత్తిడి లేకుండా 121 డిగ్రీలు రావు, వేడి ఒక చోట ఉన్నట్టు ఇంకో చోట ఉండదు, మూత బిగిస్తే సీసా పేలుతుంది. అమెరికాలో ఉన్న మన అమ్మాయిలు, అబ్బాయిలు ఇంట్లో పచ్చళ్లు, కూరలు సీసాలకెక్కిస్తున్నారు. పుల్లటి పచ్చడి వరకు పర్లేదు. కూరైతే ఫ్రీజర్‌లో పెట్టుకోండి.

అమ్మే ఆలోచన ఉంటే మొదటి అడుగు

మెషీన్ కొనకముందు జాబ్‌వర్క్ చేయించండి, అంటే ఇంకొకరి మెషీన్ మీద డబ్బిచ్చి చేయించుకోండి. బాపట్లలోని డాక్టర్ ఎన్టీఆర్ ఫుడ్ సైన్స్ కాలేజీ, మైసూరు సీఎఫ్‌టీఆర్‌ఐ, తంజావూరు నిఫ్టెమ్ లాంటి ఆహార విద్యా, పరిశోధన సంస్థల్లో సలహా దొరుకుతుంది. చిన్న ఆహార యూనిట్ల కోసం 2020లో మొదలైన కేంద్ర ప్రభుత్వ పీఎంఎఫ్ఎంఈ పథకం కింద వచ్చిన, యంత్రాలను అందరూ పంచుకుని వాడుకునే ఉమ్మడి ఇంక్యుబేషన్ కేంద్రాల్లో మీ దగ్గరిదానికీ ఓసారి వెళ్లి రండి. ఎక్కడ చేయించినా రెండు కాగితాలు చేతికి వచ్చేదాకా కదలొద్దు. ఒకటి, మీ రెసిపీకి, మీ పౌచ్ సైజుకి, లోపల అన్నిటికంటే ఆలస్యంగా వేడెక్కే చోట సెన్సర్ పెట్టి తీసిన ఉష్ణోగ్రత చార్టు. వేరేవాళ్ల పప్పు చార్టు మీకు పనికిరాదు. రెండు, ప్రాసెస్ అయిన పౌచ్‌లను 37 డిగ్రీల దగ్గర 14 రోజులు ఉంచి, ఉబ్బు, లీకు, పీహెచ్ మార్పు చూసిన రిపోర్టు. ఆ పద్నాలుగు రోజులూ ఆగండి, లేబుళ్లు ప్రింటింగ్‌కి ఆ తర్వాత ఇవ్వొచ్చు.